నీళ్లు వచ్చిన దారి

నా టాపు గుడ్డది. ఎండాకాలం సాయంత్రం దాన్ని విప్పి పాకాల చెరువు దాకా తీసుకెళ్తే నా అంత అందమైన బండి నర్సంపేటలో లేదనిపిస్తుంది. వానాకాలం వచ్చిందంటే అదే టాపు నా ప్రాణం తీస్తుంది.

నేను మహీంద్రా ఎమ్‌ఎమ్ 540 జీపును. మా రకం బండ్లు 1985లో, ప్యూజో డీజిల్ ఇంజన్‌తో వచ్చాయి. మా పూర్వీకుడు రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు. ఆ జీపుల విడిభాగాలు తెప్పించి 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బిగించడం మొదలుపెట్టారు. సైన్యం కోసం గీసిన ఒళ్లు కాబట్టి ముందద్దం బానెట్ మీదికి వాలుతుంది, టాపు విప్పొచ్చు, తలుపులు పీకేయొచ్చు. విప్పే వీలున్న ప్రతిచోటా ఒక సందు ఉంటుంది. నీళ్లకు ఆ సందే చాలు.

గూడూరు, కొత్తగూడ, నల్లబెల్లి దారుల్లో మనుషుల్ని మోశాను. చపాటా మిర్చి బస్తాలను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు చేర్చాను. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మిర్చి అది. ఎండిన కాయకు తడి తగిలితే బూజు పడుతుంది, రంగు పోతుంది. రైతు ఏడాది కష్టం నా టాపు కింద ఉన్నప్పుడు, అది కురవడం నాకు చిన్న విషయం ఎలా అవుతుంది?

2023 జూలై చివరి వారం వానలు ఈ ప్రాంతం మరిచిపోదు. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వానల్లోనే నా డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు నిలిచాయి. చూసినవాళ్లంతా టాపుదే తప్పన్నారు. ఒక షాపులో పాత కాన్వాసు తీసేసి రెగ్జిన్ టాపు కుట్టారు, లోపల తడి కనిపించిన ప్రతిచోటా సిలికాన్ పూశారు. మళ్లీ వాన పడింది, మళ్లీ నీళ్లు నిలిచాయి. లోపలి నుంచి పూసే పూతంటే నాకు ఒళ్లు మండుతుంది. అది నీటిని ఆపదు. రేకు మడతలోనే బంధిస్తుంది. తుప్పు పుట్టేది అక్కడే.

చివరికి పాత జీపుల పని తెలిసిన ఒక పెద్దాయన చేతికి చిక్కాను. ఆయన నన్ను చూసి మా యజమానితో అన్న మొదటి మాట: "పటేలా, నీళ్లు నిలిచినకాడ కాదు, యాడికెళ్లి వస్తున్నయో అది సూడాలె."

ముందు మ్యాట్లన్నీ తీయించాడు. వాటి కింది మెత్త ఒకసారి తడిస్తే వారాల తరబడి ఆరదు, పాత తడిని చూసి కొత్త కారుడు అనుకుంటాం. నేల పూర్తిగా ఆరాక, నేల మీదా డ్యాష్‌బోర్డు కింది రేకు మీదా సుద్దపొడి చల్లాడు. ఒక కుర్రాణ్ణి టార్చ్‌తో లోపల కూర్చోబెట్టి, తాను బయట పైపు పట్టాడు, సన్నటి ధారతో. కింది నుంచి మొదలుపెట్టి పైకి వచ్చాడు. పైన ముందే పోస్తే నీళ్లు కిందికి జారుతూ అన్ని సందులనూ తడిపేస్తాయి, ఏది దోషో తేలదు. వెనక తలుపు, పక్క తలుపుల అడుగు, ఇంజన్ వైపు నుంచి వైర్లు లోపలికొచ్చే రంధ్రాలు... ఒక్కోచోట ఆగి, లోపలి మాట కోసం ఎదురుచూశాడు. ముందద్దం ఫ్రేము కింద పోయగానే కుర్రాడు అరిచాడు.

"కాకా, వచ్చింది! పొడిల గీత పడ్డది!"

ఫ్రేముకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గట్టిపడి మూల దగ్గర పగిలింది. అక్కడ దూరిన నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక రేకు అంచు పట్టుకుని అడ్డంగా నడిచి, డ్రైవర్ కాళ్ల దగ్గర దిగుతున్నాయి. 1213 ప్రాంతంలో గణపతిదేవుడి కాలంలో కట్టిన మా పాకాల లాంటి చెరువుకు కట్ట దిగువన ఊట కనిపిస్తే, నీళ్లు దూరిన చోటు కట్టకు అవతలి వైపు వెతుకుతారు. నా విషయంలో ఆ పని చేసింది ఆయనొక్కడే.

ఫ్రేము విప్పి, సిలికాన్ గీకి, తుప్పు రుద్ది, రెడాక్సైడ్ కొట్టి కొత్త రబ్బరు వేశాడు. తర్వాత టాపు చూశాడు. కాన్వాసును నూలు దారంతో కుడితే తడికి దారం ఉబ్బి సూది రంధ్రాలను మూసేస్తుంది. రెగ్జిన్, నైలాన్ దారం ఉబ్బవు, ప్రతి కుట్టూ కారుతుంది. అందుకని కుట్ల మీద బయటి నుంచి సీలర్ పట్టించాడు. టాపును మోసే పైపుల మధ్య నీళ్లు మడుగు కట్టకుండా పట్టీలు బిగించాడు. నేలలో బురదతో పూడుకుపోయిన రంధ్రాలను ఊచతో పొడిచి తెరిచాడు. "వచ్చిన నీళ్లు పోనీకి తొవ్వ ఉండాలె గద, బిడ్డా," అన్నాడు కుర్రాడితో. నా నేల రేకు ఇంకా మిగిలి ఉందంటే ఆ రంధ్రాల వల్లే.

ఇప్పుడు మృగశిర కార్తెకు ముందే మా యజమాని ఆ రంధ్రాలు శుభ్రం చేసి, రబ్బరును వేలితో నొక్కి చూస్తాడు. ఎదురుగాలితో జల్లు కొడితే డ్రైవర్ తలుపు పైమూల నుంచి ఇప్పటికీ రెండు చుక్కలు వస్తాయి. గుడ్డ తలుపు గాలికి వంగుతుంది, దానికి మందు లేదు. అవి సీటు అంచు మీద పడి, నేల రంధ్రం గుండా బయటికి పోతాయి.