బద్ధకానికి సర్టిఫికెట్టు

రోగాల్లో కూడా పెద్దింటివీ, పేదింటివీ ఉంటాయి. గుండెకి స్టెంటు వేయించుకొచ్చినవాడి ఇంటికి బంధువులు బత్తాయిలు మోసుకొస్తారు. కిడ్నీలో రాయి పడినవాడు దాని సైజు మిల్లీమీటర్లలో చెబుతుంటే చుట్టూ చేరి వింటారు. కాలు బెణికినవాడికి బస్సులో సీటు దొరుకుతుంది. థైరాయిడ్ మందగించినవాడికి అరటిపండు తెచ్చిచ్చిన పుణ్యాత్ముణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు. "థైరాయిడా? మా వదినకీ ఉందండీ!" అంటారు. అక్కడితో పరామర్శ అయిపోతుంది.

నా బాధంతా ఆ వదినగారితోనే. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి చాలా రెట్లు ఎక్కువగా వస్తుంది. అంచేత లోకం దీన్ని వాళ్ళ పేర పట్టా రాసేసింది. మొదటిసారి రక్తం ఇవ్వడానికి రాజమండ్రిలో ల్యాబుకి వెళితే కౌంటర్లో అమ్మాయి చీటీ చూసి, "మేడంగారు రాలేదాండీ?" అంది. పేషెంటుని నేనే అన్నాను. ఓసారి చీటీని, ఓసారి నా మీసాన్ని చూసి, కంప్యూటర్లో అప్పటికే కొట్టినదేదో చెరిపి మళ్ళీ కొట్టింది. బెంచీ మీదున్న ఆడవాళ్ళు సర్దుకుని చోటిచ్చారు. "మీది ఎంతుందండీ?" అని ఒకావిడ అడిగింది. "జుట్టు బాగా రాలుతోందా?" అని ఇంకొకావిడ అడిగి, నా తలవైపు చూసి, ఆ ప్రశ్న వెనక్కి తీసుకుంది.

అసలు సంగతి బయటపడింది ఒక దుప్పటి వల్ల. అంతకుముందు చాలాకాలంగా మా ఇంట్లో నా పరిస్థితికి బద్ధకం అని పేరు. కూర్చుంటే లేవబుద్ధి కాదు. లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. మొహం ఉబ్బింది, చర్మం ఎండిపోయి పొట్టు రాలుతోంది, గొంతు బొంగురుపోయింది, మలబద్ధకం గురించి పత్రికలో రాయడం బాగుండదు. మా ఆవిడ ఇవన్నీ నా స్వభావంలో భాగమే అనుకుని సర్దుకుపోయింది. కానీ రోహిణీ కార్తెలో, రాజమండ్రిలో, గోదావరి గట్టు మీద కాకి కూడా కనపడని మిట్టమధ్యాహ్నం, "ఆ ఫ్యాను ఆపి కాస్త దుప్పటి ఇయ్యవోయ్" అన్నాను. ఆవిడ వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

"బద్ధకస్తులకి చెమటలు పడతాయండీ, చలెయ్యదు. లేవండి, డాక్టరుగారి దగ్గరికి వెళ్దాం" అంది.

ఆయన నన్ను కుర్చీ మీద మోకాళ్ళ మీద నిలబెట్టి మడమ పైన చిన్న సుత్తితో కొట్టారు. పాదం టక్కున కదిలింది గానీ, వెనక్కి రావడానికి తీరిగ్గా ఆలోచించుకుంది. కనుబొమల చివర్లు పలచబడ్డాయన్నారు. మెడ తడిమి చూశారు. "అమ్మా, వీరికి సరిగ్గా పనిచెయ్యనిది మెడలో ఉంది" అన్నారు.

"మెడపైన అనుకున్నానండీ ఇన్నాళ్ళూ" అంది మా ఆవిడ.

రిపోర్టులో టీఎస్‌హెచ్ 38 అని వచ్చింది. ఆ ల్యాబు లెక్కలో 4 దాటకూడదు. మా బావమరిది ఆ కాగితం చూసి, "బావగారూ, మీ గ్రంథి పదింతలు పనిచేస్తోందే!" అని అభినందించాడు. ఇక్కడే అందరూ బోల్తాపడతారు. నేను సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాణ్ణి కనక నాకు నిమిషంలో అర్థమైంది. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి హెడ్డాఫీసు. మెడలో ఉన్న ఇరవై గ్రాముల థైరాయిడ్ బ్రాంచాఫీసు. బ్రాంచిలో పని జరక్కపోతే హెడ్డాఫీసు మెమో పంపుతుంది. అప్పటికీ కదలకపోతే ఇంకోటి. టీఎస్‌హెచ్ అంటే ఆ మెమోలు. రిపోర్టులో కనబడే అంకె జరిగిన పని కాదు, వచ్చిన మెమోలు. ముప్పై ఎనిమిది మెమోలు అందుకుని కూడా కదలని ఆ గుమాస్తా మీద నాకు కోపం రావలసింది. గౌరవం కలిగింది. నా సర్వీసులో అంతటివాళ్ళని ఒకరిద్దర్నే చూశాను.

ఎందుకిలా అయిందని అడిగితే డాక్టరుగారు హషిమోటో అన్నారు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మన గ్రంథిని శత్రువనుకుని మీదపడి కొరికేస్తుందట. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు దీన్ని మొదట వర్ణించాడు. ఆయన చూసిన రోగులు నలుగురు. నలుగురూ ఆడవాళ్ళే. అక్కడ కూడా నాకు తోడు దొరకలేదు. కానీ జపాన్ పేరు వినగానే బంధువుల్లో నా హోదా కొంచెం పెరిగింది. "జపాన్ జబ్బుటండీ!" అని మా పెద్దత్తయ్య నలుగురికీ చెప్పింది. నేను జపాన్ ఎప్పుడెళ్ళానని ఒకాయన అడిగాడు. హోదా వారం రోజులుంది. తర్వాత ఎవరో మళ్ళీ వదినగారిని తెచ్చారు.

ఒక్క మాట దాచుకోకుండా చెప్పాలి. ఆ రిపోర్టు చూసి నేను సంతోషించాను. ఇన్నేళ్ళ నిందకి కాగితం మీద సమాధానం, కింద సంతకం, పక్కన స్టాంపు. జెరాక్సులు తీయించాను. పెళ్ళిరోజు మర్చిపోయానా, థైరాయిడ్. కుళాయికి వాషరు మార్చలేదా, థైరాయిడ్. బావమరిది గృహప్రవేశంలో చదివింపులు జరుగుతుండగా ముందు వరసలో గురకపెట్టానా, అదీ థైరాయిడే. పన్నెండు కిలోల బరువు కూడా దాని నెత్తినే పెట్టబోయాను గానీ డాక్టరుగారు పడనివ్వలేదు. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి నాలుగు కిలోలేనట, అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూనట. "మరి మిగతావి?" అన్నాను. "మీది పూతరేకుల ఆత్రేయపురం పక్కనే కదూ" అని ఊరుకున్నారు.

ఈ జబ్బుకి మందు కనిపెట్టిన కథ మాత్రం నాకు భలే నచ్చింది. 1891లో ఇంగ్లండులో, న్యూకాసిల్ ఊళ్ళో, జార్జ్ మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం తీసి, థైరాయిడ్ పూర్తిగా చచ్చుబడిన ఒక 46 ఏళ్ళ ఆవిడకి చర్మం కిందకి సూదిమందుగా ఇచ్చాడు. ఆవిడ కోలుకుని, ఆ రసంతోనే మరో 28 ఏళ్ళు బతికి 74వ ఏట పోయింది. అందుకోసం ప్రాణమిచ్చిన గొర్రెలు 870కి పైనే. మరుసటేడు ఎడ్వర్డ్ ఫాక్స్ అనే ఇంకో డాక్టరు, సూదులెందుకని, గొర్రె గ్రంథిని కాస్త వేయించి పళ్ళ జెల్లీతో తినిపించాడు. అది చదివి మా బావమరిది, "బావగారూ, నూట ముప్పయ్యేళ్ళు ఆలస్యంగా పుట్టారు. వేపుడు వైద్యం పోగొట్టుకున్నారు" అని నిట్టూర్చాడు. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాయిడ్ హార్మోనుని స్ఫటికాలుగా విడదీశాడు. మూడు టన్నుల పంది గ్రంథులు నూరితే ఆయనకి దక్కింది 33 గ్రాములు. నాకిప్పుడు రోజుకి 100 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూశాను. ఒక గ్రాము నాకు ఇరవై ఏడేళ్ళు వస్తుంది. కెండాల్‌గారి 33 గ్రాములూ నాకిచ్చేస్తే తొమ్మిది వందల ఏళ్ళపాటు చురుగ్గా ఉండవచ్చు. అంత చురుకు నాకూ అక్కర్లేదు, మా ఆవిడకీ అక్కర్లేదు. 1927 నాటికి దీన్ని ప్రయోగశాలలోనే తయారుచెయ్యడం నేర్చుకున్నారు. గొర్రెలకీ పందులకీ బతికే దారి దొరికింది.

ఇక చావొచ్చిపడింది కాఫీకి.

"పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. ఆ తర్వాత అరగంట నుంచి గంటదాకా ఏమీ తీసుకోకూడదు" అన్నారు డాక్టరుగారు. ఏమీ అంటే కాఫీ కూడానా అని అడిగాను. "ముఖ్యంగా కాఫీ" అన్నారు. పేగుల్లో మందు ఒంటికి పట్టకుండా కాఫీ అడ్డుపడుతుందట. కాల్షియం బిళ్ళలూ, ఐరన్ బిళ్ళలూ అయితే నాలుగ్గంటల దూరంలో ఉండాలట. వాటితో నాకు పేచీ లేదు, జీవితాంతం దూరంగా ఉండమన్నా ఉంటాను. కానీ పొద్దున్నే వంటింట్లో డికాక్షన్ దిగుతూ ఉంటుంది. ఆ వాసన హాల్లోకి వస్తుంది. మా అమ్మకి ఎనభై దాటాయి, ఏ గ్రంథికీ ఏ లోపమూ లేదు. స్టీలు గ్లాసు పట్టుకుని సరిగ్గా నా ఎదురుగా కూర్చుని, ఒక్కో గుక్కా చప్పరిస్తూ, "ఒరే, ఇంకా గంట కాలేదురా?" అని జాలిపడుతుంది. పేపరు అక్షరం పొల్లుపోకుండా చదువుతాను, వర్ధంతి ప్రకటనలతో సహా. గడియారం చూస్తే పదకొండు నిమిషాలు గడిచుంటాయి.

చివరికి మార్గం వయసే చూపించింది. ఈ ఈడు మగవాడు తెల్లవారుజామున నాలుగింటికి ఎలాగూ ఓసారి లేస్తాడు. అప్పుడే మాత్ర వేసేసుకుని పడుకుంటే ఆరింటికి కాఫీ హక్కుభుక్తంగా వస్తుంది. అమ్మ ఇది చూసి, కొడుకు బ్రాహ్మీ ముహూర్తంలో లేచి జపం చేసుకుంటున్నాడని పక్కింటివాళ్ళకి చెప్పింది. నేను కాదనలేదు. కానీ ఇందులో ఇంకో మెలిక ఉంది. నిద్రమత్తులో వేసుకున్నానో లేదో పొద్దున్నే గుర్తుండదు. మతిమరుపు ఈ జబ్బు లక్షణం, గుర్తుంచుకుని మందు వేసుకోవడం దీని వైద్యం. ఈ ఏర్పాటు చేసిన దేవుడు కూడా ఎక్కడో సర్కారు ఉద్యోగం చేసే ఉంటాడు. వారాల పేర్లు రాసిన అరల డబ్బా కొన్నాక కాస్త తెరిపినపడ్డాను. దానికీ ఈ రోజు ఏ వారమో తెలియాలి.

సలహాల గురించి రాస్తే పత్రిక చాలదు. ధనియాలు నానబెట్టిన నీళ్ళు తాగమన్నవాళ్ళున్నారు. నా పొట్ట వైపు చూస్తూనే సర్వాంగాసనం వెయ్యమన్న ధైర్యవంతులున్నారు. అయోడిన్ తక్కువై ఉంటుంది, ఉప్పు ఎక్కువ తినమని ఒకాయన చెబితే, అయోడైజ్డ్ ఉప్పే దీనికి కారణం, సైంధవ లవణం వాడమని ఇంకొకాయన. ఈ రెండోవాడితో మాత్రం నేను ఊరుకోలేదు. ఆ ఉప్పు వెనక మనవాడున్నాడు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు, 1956 నుంచి హిమాచల్ ప్రాంతపు కాంగ్రా లోయలో ఊళ్ళకి ఊళ్ళకే ఉప్పులో అయోడిన్ కలిపి ఇప్పించి, మెడ కింద గడ్డలతో తిరిగే జనంలో ఆ గడ్డలు తగ్గుతాయని నిరూపించారు. 1962లో దేశమంతటికీ కార్యక్రమం పెట్టారంటే దాని బలంతోనే. నా జబ్బు వేరు, నాకు ఉప్పు పెంచినా తగ్గించినా గ్రంథి తిరిగిరాదు. అయినా శ్రీకాకుళంవాడు పెట్టిన ఉప్పు తిని దాన్నే ఇలా అంటే ఎలా?

క్యాబేజీ సంగతి ఒకటి మిగిలింది. థైరాయిడ్ ఉన్నవాళ్ళు క్యాబేజీ ముట్టకూడదని మా ఇంట్లో ఎవరో నమ్మించారు. ఉడికించి, మామూలుగా అందరూ తినేపాటి తింటే ఏమీ కాదని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు. నాకు చిన్నప్పట్నుంచీ క్యాబేజీ అంటే పడదు. ఈ వైద్య రహస్యం నాతోనే ఉంటుంది.

మాత్ర మొదలుపెట్టిన మర్నాడే హుషారుగా లేచి అద్దం ముందు నిలబడ్డాను. ఏమీ లేదు. ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, నిలకడగా కుదురుకోవడానికి నెలా పదిహేనురోజులు, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే మళ్ళీ రక్తపరీక్ష. అప్పుడు మోతాదు పెంచుతారు. మళ్ళీ ఆరు వారాలు. ఈలోగా మనిషికి మిగిలేది ఆశ. నేనూ ఆశపడ్డాను, మనస్ఫూర్తిగా. చెయ్యలేక వదిలేసిన పనులన్నీ 'థైరాయిడ్ నార్మలయ్యాక' అనే ఖాతాలోకి మార్చాను. పుష్కర ఘాటు దాకా రోజూ నడక. భారతం పద్దెనిమిది పర్వాలూ మొదట్నుంచీ. గేటుకి రంగు. అటక సర్దడం. ఆ అటక మీద మా పెళ్ళినాటి ట్రంకుపెట్టెలు, మూడు చచ్చిన మిక్సీలు, మా నాన్నగారి గొడుగులు ఉన్నాయి. "నార్మలవ్వనీ, ఒక్క ఆదివారంలో తేల్చేస్తా" అని చాలా ఉదారంగా మాటిచ్చాను.

మోతాదు పెరుగుతూ నూరుకి వచ్చాక, ఒక రోజు రిపోర్టులో 2.6 వచ్చింది. మెమోలు ఆగిపోయాయి.

నిజానికి బాగుంది. ఫ్యాను కావాలనిపిస్తోంది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "నిద్ర లేపానాండీ?" అనడం లేదు. మాట్లాడుతుంటే పేర్లు సమయానికి నోటికొస్తున్నాయి. మొహం వాపు దిగి, నా పాత గడ్డం మళ్ళీ కనబడింది. కానీ మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళు మూతలు పడుతున్నాయి. పని చెయ్యాలంటే బెంగగా ఉంది. డాక్టరుగారికి ఇదే మొరపెట్టుకున్నాను. అంకె బాగున్నా కొందరికి నీరసం ఉంటుందని, వేరే కారణాలు వెతకాలని, రక్తహీనత, బీ12, విటమిన్ డీ అన్నీ రాశారు. గురక కోసం నిద్ర పరీక్ష కూడా చేయించారు. ఒక్కొక్కటే శుభ్రంగా వచ్చింది. రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి, "మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడిగారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు అని చెప్పాను. "నాక్కూడా నిద్రొస్తుందండీ" అన్నారు.

అంటే ఇప్పుడు మిగిలిన బద్ధకమంతా నా స్వార్జితం. ఎంతవరకు గ్రంథిదో, ఎక్కడినుంచి నాదో ఇన్నాళ్ళూ సరిహద్దు రాయి వెయ్యకుండా గడిపాను. ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ హాల్లో నిచ్చెన వేసి ఉంచింది.

"చూడూ, ఆ రిపోర్టు వచ్చి పదిరోజులైంది. ఈ పదిరోజుల్లో మళ్ళీ పెరిగిందేమో ఎవరు చెప్పొచ్చారు? వచ్చే పరీక్ష దాకా ఆగుదాం" అన్నాను.

"అనుమానం ఎందుకండీ? ల్యాబు అబ్బాయిని రేపు పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికే రమ్మంటాను. కొలెస్ట్రాలూ, షుగరూ కూడా చూపిద్దాం. కాకపోతే పరగడుపున ఇవ్వాలి, అతనొచ్చేదాకా కాఫీ ఉండదు."

గొడుగులు ముందు దింపనా, మిక్సీలా అని అడిగాను.