తుపాకీకి మండల దీక్ష

తుపాకీ చేతులు మారిందని పోలీసులకు రాతపూర్వకంగా, లెక్కతో సహా తెలియజేసిన మనిషి మా ప్రాంతంలో నాకు తెలిసి ఒక్కడే. అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు ఠాణాలు, 26 తుపాకులు. చింతపల్లిలో ఏమేం పట్టుకెళ్తున్నాడో స్టేషను పుస్తకంలోనే జాబితా రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆ తర్వాత మిరపకాయ కట్టిన ఉత్తరం, అదే మిరపకాయ టపా, పంపి, ఫలానా ఠాణాకి వస్తున్నానని ముందే కబురు కూడా పెట్టాడు.

నూరేళ్లు దాటాయి. ఆయన పోలీసులకు రశీదు ఇచ్చాడు. నేను పోలీసుల దగ్గర రశీదు పుచ్చుకోలేక చస్తున్నాను.

చట్టంలో తిరకాసేమీ లేదు. 1959 ఆయుధాల చట్టం, అయిదో సెక్షను. సొంత తుపాకీని అర్హత ఉన్న ఇంకొకరికి అమ్మాలన్నా ఇవ్వాలన్నా, తీసుకునేవాడి పేరూ చిరునామా రాసి జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గర్లోని స్టేషన్ ఆఫీసరుకో ఇవ్వాలి. ఆపైన 45 రోజులు ఆగాలి. అయ్యప్పస్వామికే 41 రోజుల దీక్ష చాలు, తుపాకీకి మరో నాలుగు రోజులు. ఉండనీండి. ఎవరి చేతికి ఏం వెళ్తోందో సర్కారుకు తెలియాల్సిందే. కాకపోతే మాల వేసే గురుస్వామే దొరకడం లేదు.

నాది పన్నెండు బోరు జోడుగొట్టం. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక దానికి వేట లేదు. బీరువాలో పడుకుంటుంది, ఎన్నికలొస్తే స్టేషనుకెళ్లి డిపాజిట్టవుతుంది, కాస్త తుప్పు కట్టుకుని ఇంటికొస్తుంది. నర్సీపట్నం వైపు ఉండే మా బావకి లైసెన్సు ఉంది. ఇచ్చేద్దామని కాగితం రాసుకుని ఒక ఠాణాకి వెళ్లాను.

రైటరుగారు కాగితం తిప్పి చూశారు. వెనకవైపు ఏమీ లేదు. అటువైపే ఎక్కువసేపు చూశారు.

"ఏటండీ ఇది?"

"తుపాకీ మా బావకి ఇస్తున్నానండి. తెలియజేస్తున్నాను."

"పోయిందా?"

"లేదండి."

"ఎవరిమీదైనా పేల్చారా?"

"అబ్బే."

"మరి కేసేటండీ?"

"కేసు రాకూడదనే వచ్చానండి."

కేసు లేని కాగితానికి ముద్ర వెయ్యరట. ముద్ర పడకపోతే 45లో ఒకటో రోజు మొదలవదు. పై ఆఫీసుకి వెళ్లమన్నారు. పై ఆఫీసు స్టేషను ద్వారా రమ్మంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి బావగారి ఊరు అనకాపల్లి జిల్లాలో పడింది కనక, అసలిది మన పరిధేనా అని మూడో చోట ధర్మసందేహం. బీరువాలో ఉన్నదానికి మాత్రం ఏ సందేహమూ లేదు.

కొత్తగా లైసెన్సు కోరే మా విశాఖ ఎంవీపీ కాలనీ వాళ్ల సంగతి ఇంకా ముచ్చట. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉంటే ముందుగా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ఒప్పుకోవాలి. మనకి కంబాలకొండ పక్కనే ఆయె. అంటే పెద్దమనిషి తుపాకీ పట్టాలంటే చిరుత తరఫు వాళ్ల సమ్మతి కావాలి. చిరుత కొండ దిగాలంటే మాత్రం ఎవరికీ 45 రోజుల ముందు కాగితం పెట్టుకోదు. మన్యంలో నాటు తుపాకీ చేయించుకునేవాడూ పెట్టుకోడు. రైటరుగారికి వాడితో ఏ చికాకూ లేదు.

ఉక్కు ఆంధ్రుల హక్కే, కాదన్నదెవరు? దాన్ని గొట్టంగా చుట్టి బావకిస్తేనే చిక్కు. అదే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎక్కి టోర్పెడో చూడాలంటే, డబ్బు చేతిలో పెట్టగానే టికెట్టు ముక్క ఇస్తారు. ఊరు మొత్తంలో ఆయుధానికి అక్కడికక్కడే రశీదు దొరికే చోటు అదొక్కటే.

చివరికి స్పీడ్‌పోస్టులో పంపాను. నాలుగో రోజు ఫోను మోగింది.

"మీ కాగితం అందిందండి."

"ఆ ముక్కే రాసివ్వండి బాబూ."

"అందిందని రాయాలంటే పైనుంచి ఆర్డరు కావాలండి. కావాలంటే అందలేదని రాసిస్తాం."

వంటింట్లో మా ఆవిడ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఒకటి ఇమ్మన్నాను.

"దేనికి?"

"స్టేషనుకి పంపడానికి."

"పచ్చడికే చాలక ఏడుస్తుంటే!" అని చేట పక్కకి లాక్కుంది.