దాయాదుల పాఠం

నాగార్జునసాగర్ చూడ్డానికొచ్చే స్కూలు బస్సులకి దాదాపు ఒకటే దారి. పొద్దున లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, సాయంత్రం ఎత్తిపోతల జలపాతం. ఆ మ్యూజియంలో రాతియుగపు పనిముట్లున్నాయి. లోయ నీట మునిగేలోగా 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వి తీసినవి. ఆ రాయిని పట్టిన చేతికి బొటనవేలు అలా ఎందుకు కుదిరిందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. 'అద్దం ముట్టుకోకండి, లైన్లో నడవండి'... పాఠం అయిపోయింది.

ఎత్తిపోతలలో పాఠమే పిల్లల మీదికి దూకుతుంది. చంద్రవంక వాగు డెబ్బై అడుగులు కిందికి దూకుతుంటే, ఇటు కోతి చిప్స్ ప్యాకెట్ మీదికి దూకుతుంది. దానికి బుగ్గల్లోనే సంచులు. ముందు దొరికింది కుక్కుకో, తర్వాత చెట్టెక్కి తీరిగ్గా నములు. అడవిలో పళ్ల కోసం పోటీపడ్డప్పుడు ఆదుకున్న ఏర్పాటు ఇప్పుడు చిరుతిళ్లకి పనికొస్తోంది. అనుకూలనం అంటే ఇదేనర్రా అని చెప్పడానికి అర నిమిషం చాలు. సార్ మాత్రం కర్ర కోసం వెతుకుతుంటారు.

ఆయన్నేం అంటాం? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ వారే పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి జీవపరిణామాన్ని పీకేశారు. పిల్లలకి భారం తగ్గాలట. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దు మొర్రో అని సంతకాలు పెట్టారు. అంతకుముందు 2018లో కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ గారు డార్విన్‌ది తప్పని తేల్చేశారు. కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదట! మరుసటేడు జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో, మన పరువు నిలబెట్టడానికన్నట్టు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారే డార్విన్ కన్నా దశావతారాలు మేలన్నారు.

అయ్యా, ఈ కోతి మనిషైందని డార్విన్ అనలేదు. అది మనకి తాత కాదు, దాయాది. రెండున్నర, మూడు కోట్ల ఏళ్ల కిందట మూలపురుషుడొక్కడే, ఆ తర్వాత ఎవరి దారి వారిది. దేశంలో ఇంకెక్కడైనా ఈ ముక్క ఎక్కకపోవచ్చు గానీ, ఈ పల్నాడులో ఎక్కదా? పల్నాటి యుద్ధంలో తలపడ్డ నలగాముడు, మలిదేవుడు ఒకే తండ్రి బిడ్డలు. ఒకరికి గురజాల, ఒకరికి మాచర్ల. మలిదేవుడు నలగాముడిగా మారడం ఎవరూ కళ్లారా చూడలేదు కాబట్టి వాళ్లసలు చుట్టాలే కారని ఏ మంత్రిగారైనా కారెంపూడి తిరునాళ్లలో మైకు పట్టుకుని అనగలరా?