సెంటు రాయుడు

ఎవరు దగ్గినా నన్ను చూసే దగ్గారనుకునే రకాన్ని నేను. అందుకే, ఆఫీసులో నేను సీట్లోకి రాగానే పక్క సీటు మేడమ్ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంటే, ఆవిడకి పొగరని తేల్చేశాను. నా సెంటు ఖరీదు తెలిస్తే కదా, విలువ తెలిసేది!

అసలు సంగతేమిటంటే, నా ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వాసన ఎగిరిపోయిందనుకుని భోజనమయ్యాక మళ్లీ కొట్టుకునేవాణ్ణి. తలుపులన్నీ మూసిన ఏసీ హాలు. కొట్టిందంతా అందులోనే తిరిగేది.

చివరికి ఆవిడే అడిగింది. "సార్, ఏమీ అనుకోకండి. నాకు ఆస్తమా ఉంది. సెంటు ఘాటుకి ఊపిరాడటం లేదు."

మానేశాను. ఇక్కడితో ఆగితే బాగుండేది. గొడవంతా కెమికల్స్‌తోనే కదా, చెట్టు నుంచి వచ్చినదైతే ఏ బాధా ఉండదని, నిమ్మగడ్డి నూనె పోసిన డిఫ్యూజర్ తెచ్చి ఇద్దరి టేబుళ్ల మధ్యా పెట్టాను. ఆవిడ మీద దయతోనే సుమా! ఆవిడ ఇన్‌హేలర్ తీసింది.

నిమ్మగడ్డి నూనెలో ముఖ్యమైన సరుకు సిట్రాల్. అలర్జీ తెప్పించే 26 సువాసన పదార్థాల పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలని 2003లో యూరోపియన్ యూనియన్ నియమం పెట్టింది. ఆ జాబితాలో సిట్రాల్ కూడా ఉంది. లావెండర్‌లోని లినలూల్ మరీ గడుసుది. సీసా మూత తీసి ఉంచితే గాలి తగిలి, చర్మానికి పడని పదార్థాలుగా మారుతుంది. ఇక నా సెంటు సీసా తిప్పి చూస్తే, సువాసనకి 'పర్‌ఫ్యూమ్' అని ఒక్క మాటే ఉంది. హోటలువాడు 'మసాలా' అన్నట్టు. ఆ మాట వెనక పదుల కొద్దీ రసాయనాలు ఉండొచ్చు. ఇవన్నీ డిఫ్యూజర్ కొనకముందు చదవాల్సినవి. నేను మాత్రం దాని రంగు చూసి కొన్నాను.

మర్నాడు మేనేజర్ నన్ను కిటికీ పక్క సీటుకి మార్చారు. సీనియారిటీని గుర్తించారని పొంగిపోయి మా ఆవిడకి చెప్పాను.

"ఆ కిటికీ తెరుచుకుంటుందా?" అంది.

"ఆహా, బార్లా!"

"మీ మేనేజర్ తెలివైనవాడండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.