ఫామ్‌హౌస్ ఎపిసోడ్‌కు మా ఊరి రివ్యూ

రాజకీయ నాటకం చూడడంలో మా చేవెళ్ల వాళ్లకున్న అనుభవం రాష్ట్రంలో ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్రకు తొలి అడుగు వేసింది మా ఊళ్లోనే. ఆ కథనే 2019లో ‘యాత్ర’ పేరుతో సినిమాగా తీస్తే, మా వాళ్లు మమ్ముట్టి నటనను వదిలేసి మన రోడ్డు మీది మర్రిచెట్లు ఎక్కడన్నా కనబడతాయేమోనని తెరంతా వెతికారు. అలాంటి ప్రేక్షకుల ముందుకు మొయినాబాద్ ఫామ్‌హౌస్ ఎపిసోడ్ వచ్చింది.

అది 2022 అక్టోబర్ 26. దీపావళి వెళ్లి రెండు రోజులు, సూర్యగ్రహణం విడిచి ఒక్కరోజు. రాత్రి అందరం టీవీ ముందు కూర్చున్నాం. ‘మొయినాబాద్ ఫామ్‌హౌస్‌పై పోలీసుల దాడి’ అని తెర కింద అక్షరాలు ఉరుకుతున్నాయి. మా చిన్నాయన పళ్లెంలోంచి తల కూడా ఎత్తలేదు. “పేకాట అయ్యుంటది తీ” అన్నాడు. ఆయన్ను అనడానికి లేదు. ఆ దిక్కు ఫామ్‌హౌస్‌లో పోలీసులు పడ్డారంటే అయితే పేకాట, కాకుంటే కోడిపందేలు. జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో వల్ల అక్కడ అపార్ట్‌మెంట్లు లేవలేదు గానీ ప్రహరీలు మాత్రం బాగానే లేచాయి. లోపల ఏ పంట పండుతోందో దారిన పోయేవాళ్లకు తెలిసే వీలు లేదు.

పంట ఏమిటో టీవీ వాళ్లే చెప్పారు. అప్పటి టీఆర్‌ఎస్ (తర్వాత పేరు మార్చుకుని బీఆర్‌ఎస్) ఎమ్మెల్యేలు నలుగురు: తాండూరు పైలట్ రోహిత్‌రెడ్డి, అచ్చంపేట గువ్వల బాలరాజు, పినపాక రేగా కాంతారావు, కొల్లాపూర్ బీరం హర్షవర్ధన్‌రెడ్డి. వీళ్లను బీజేపీలోకి లాగడానికి ముగ్గురు మనుషులు వచ్చారని, 100 కోట్ల దాకా ఆశపెట్టారని ఫిర్యాదు. మాకేం సంబంధం లేదు, ఇదంతా కేసీఆర్ ఆడించిన డ్రామా అని బీజేపీ. అంటే ఇది డ్రామానేనని ఒక పక్షం చెబుతోంది, కాదు నిజమని ఇంకో పక్షం చెబుతోంది. మా వాళ్లకు ఆ తేడాతో పని లేదు.

పండుగకు పుట్టింటికి వచ్చిన మా అక్కకు ఫోన్ మోగింది. వాళ్లబ్బాయి. అజీజ్‌నగర్‌లో దోస్తు ఇంట్లో ఉన్నవాడు, బండేసుకుని ఆ గేటు దగ్గరికి పోయి లైవ్‌లో రిపోర్టర్ వెనకాల నిలబడ్డాడు. “అమ్మా, కనవడుతున్ననా?”

“కనవడుతున్నవ్ బిడ్డా. గా మైకు పట్టుకున్నాయనను జర పక్కకు జరుగుమను, నీ పండుగ అంగి కనవడ్తలేదు.”

రాష్ట్ర ప్రభుత్వం కూలుతుందా నిలుస్తుందా అని స్టూడియోలో నలుగురు అరుచుకుంటుంటే, మా ఇంట్లో చర్చంతా ఆ అంగి రంగు మీదే నడిచింది.

తెల్లారి చాయ్ హోటల్‌లో అసలు రివ్యూలు మొదలయ్యాయి. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది కూరగాయల రైతులు, మిగతా సగం భూముల మధ్యవర్తులు. కొందరు పొద్దున రైతులు, సాయంత్రం మధ్యవర్తులు. వాళ్లలో ఒక పెద్దమనిషి చాయ్ సాసర్‌లో పోసుకుని నెమ్మదిగా లెక్క తీశాడు: “నూరు కోట్ల సౌదా. రెండు పర్సెంట్ ఏసుకున్నా మధ్యల ఉన్నోనికి రెండు కోట్లు. అది సరే, బయానా ఎంత ముట్టింది?” ఎవరూ చెప్పలేకపోయారు. “బయానా లేకుండ బేరమేంది?” అని ఆయన తేల్చేశాడు.

అదే రోజు ఏసీబీ కోర్టు కూడా డబ్బు దొరకలేదన్న కారణంతో ఆ ముగ్గురిని రిమాండ్‌కు పంపడానికి ఒప్పుకోలేదు. ఇక ఆయన్ను పట్టేవాళ్లు లేరు. “నేను పొద్దుగాల్నే జెప్పిన!” రెండ్రోజులకే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ పూట ఆయన పార్సిల్ కట్టించుకుని ఇంటికి పోయాడు.

అసలు ఎపిసోడ్ నవంబర్ 3న పడింది. మునుగోడు ఉపఎన్నిక పోలింగ్ ముగిసిన ఆ రాత్రి కేసీఆర్ విలేకరులను పిలిచి వీడియోలు బయటపెట్టారు. సరిగ్గా మా అమ్మ సీరియల్ వేళ. అందులో ఆ రోజు పెళ్లి. రిమోట్ చిన్నాయన చేతిలో పడింది. అమ్మ అలిగినా లేచిపోలేదు. ఆ వీడియోను కూడా సీరియల్‌ను చూసినట్టే చూసింది.

“కూసున్నోళ్లు కూసున్నట్టే ఉన్నరు, ఒక్కలన్నా లేసి నిలవడరేంది? సగం హిందీనేనాయె. తలుపు సాటుకు నిలవడి ఇనేటోళ్లు ఎవ్వరు లేరా?”

“గా కెమెరానే వదినా తలుపు సాటు మనిషి” అన్నాడు చిన్నాయన.

అమ్మకు అప్పుడు కథ మీద కొంచెం గౌరవం పుట్టింది.

తర్వాత ‘సిట్’ వచ్చింది. డిసెంబర్ 26న హైకోర్టు కేసును సీబీఐకి ఇమ్మంది. అప్పటికి మా వాళ్లు చానల్ మార్చేశారు.

పార్టీ మారడమనే మలుపుతో చేవెళ్ల ప్రేక్షకుడిని కూర్చోబెట్టడం కష్టం. ఆ నలుగురిలో ముగ్గురు 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి టీఆర్‌ఎస్‌కు వచ్చినవాళ్లే. మా ఎమ్మెల్యే కాలె యాదయ్య 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్‌ఎస్‌లో చేరారు, 2024లో మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నిక ఇంకా చోద్యం. ఒకప్పటి టీఆర్‌ఎస్ ఎంపీ కొండా విశ్వేశ్వరరెడ్డి బీజేపీ నుంచి, బీఆర్‌ఎస్ సిట్టింగ్ ఎంపీ రంజిత్‌రెడ్డి కాంగ్రెస్ నుంచి, అంతకుముందు ఏడాది దాకా రాష్ట్ర టీడీపీ అధ్యక్షుడిగా ఉన్న కాసాని జ్ఞానేశ్వర్ బీఆర్‌ఎస్ నుంచి పోటీ చేశారు. ప్రచారం జీపు వస్తే మా చిన్నాయన మైకులో పేరు వినేవాడు, జెండా చూసేవాడు, రెండూ కలవక మళ్లీ మొదటికి వచ్చేవాడు. చివరికి విశ్వేశ్వరరెడ్డి గెలిచారు.

ఫామ్‌హౌస్ నలుగురూ 2023 ఎన్నికల్లో ఓడిపోయారు. వాళ్లలో గువ్వల బాలరాజు 2025 ఆగస్టులో బీఆర్‌ఎస్‌కు రాజీనామా చేసి బీజేపీలో చేరారు. ఆ వార్త వచ్చినప్పుడు అమ్మ బీరకాయ పొట్టు తీస్తోంది.

“గీన గా ఫామ్‌హౌస్ ఆయనేనా?”

“ఆయనే.”

“గప్పుడు గుంజుతున్నరన్న పార్టీలకేనా?”

“అదే పార్టీ.”

అమ్మ కత్తిపీట పక్కకు జరిపింది. “గట్లయితే ఆ దినం నా సీరియల్ ఎందుకు పోగొట్టిండ్రురా? గా పిల్ల లగ్గం అయిందో లేదో నాకు ఇప్పటికీ ఎర్కలేదు!”