కరెంటొచ్చింది, కంప్యూటర్ రాలేదు

పాశమైలారం, ఇస్నాపూర్ ఫ్యాక్టరీల వైపు ఎవర్నైనా అడగండి, కరెంటు పోతే భయపడరు. వస్తేనే భయం. పోతే ఏముంది? మిషన్లు ఆగుతాయి, పోరగాళ్లు గేటు బయట బండి దగ్గర చాయ్ తాగుతారు, సూపర్‌వైజర్ తలెత్తి ఆకాశం చూస్తాడు. అసలు కథ వచ్చినప్పుడు మొదలవుతుంది. ఆ లైను మీదున్న షెడ్లన్నీ ఒక్కసారే లేస్తాయి. కంప్రెసర్లు, మోల్డింగ్ మిషన్ల హీటర్లు, బోరు మోటార్లు అన్నీ మొదటి పంక్తికే కూర్చోవాలని తోసుకునే పెళ్లివారిలా మీద పడతాయి. 230 వోల్టులు ఉండాల్సింది కాసేపు కిందికి జారుతుంది. ఎక్కడో ఓ పెద్ద మోటారు ట్రిప్పయితే మళ్లీ ఎగిరిపడుతుంది. ఈ ఎగుడుదిగుళ్లలో ఇనుప మిషను బతికి బట్టకడుతుంది. పోయేది టేబుల్ కింద దుమ్ములో కూర్చున్న కంప్యూటర్.

అందుకే తెలిసినవాళ్లు కరెంటు పోగానే స్విచ్‌లన్నీ ఆపి, ఒక్క బల్బు మాత్రం ఆన్‌లో వదులుతారు. అది వెలిగి, వణకడం మానేసి, కుదురుగా నిలబడ్డాక ఒక్కొక్కటిగా మిగతావి వేస్తారు. మా యూనిట్లోనూ ఆ బల్బుంది. లేత్ మిషన్ల స్విచ్ ఆపడానికి మనిషున్నాడు, కంప్రెసర్‌కి మనిషున్నాడు. కంప్యూటర్ స్విచ్ ఆపాలంటే టేబుల్ కిందికి వంగాలి. ఆ వంగడం ఎవరి డ్యూటీయో ఇప్పటిదాకా తేలలేదు.

నేనక్కడ లెక్కలు రాస్తాను. ఆ రోజు నెలాఖరు. వాన దంచి కొట్టి, కరెంటు పోయి, రేకుల గదిలో అందరం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలు ఇప్పుడు మ్యూజియం. ఐదొందలు కడితే ఒక రోజు ఖైదీలా ఉంచుతామని అక్కడ పథకం పెట్టారు. మా ఆఫీసులో ఆ సౌకర్యం జీతంతో పాటే వస్తుంది.

గేటు దగ్గర సోలాపూర్ వెళ్లాల్సిన లారీ సరుకెక్కించుకుని నిలబడింది. బిల్లూ ఈ-వే బిల్లూ ఉంటే తప్ప కదలదు. బిల్లు ఆ కంప్యూటర్ డబ్బాలోనే ఉంది. కరెంటొచ్చింది, బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది, కంప్యూటర్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఇలాంటప్పుడు వైద్యులకి కొదవుండదు. మొదట ఎలక్ట్రీషియన్ వచ్చాడు. టెస్టర్ పెట్టి చూసి, "ఫేజొస్తుంది, న్యూట్రలొస్తుంది, ఎర్తింగ్ మంచిగుంది. నా దాంట్ల తప్పు లేదు. ఇగ మీ డబ్బా సంగతి మీరే చూస్కోండ్రి" అని చేతులు దులుపుకున్నాడు. ఆయన 2012లో పవర్ హాలిడేలు నడిచిన రోజుల నుంచీ ఈ బెల్టులోనే ఉన్నాడు. ఆ ఏడాది జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కూలింది. రెండో రోజైతే అరవై కోట్ల మందికి పైగా కరెంటు లేకుండా ఉన్నారు, ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా దాంతో జతపడలేదు కాబట్టి మన జోలికి రాలేదు. "ఆళ్లకు తెల్వక వొయ్యింది సార్, మనకు టైంటేబుల్ వెట్టి వొయ్యేది" అంటాడాయన గర్వంగా. ఆ తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్ నుంచి సోలాపూర్‌కి 765 కేవీ లైను వేసి రెండు గ్రిడ్లనీ కలిపారు. కరెంటు అప్పట్నుంచీ ఏ చిక్కూ లేకుండా సోలాపూర్ వెళ్లొస్తోంది. మా లారీకే మార్గం లేదు.

తర్వాత సేటు వచ్చాడు. "మానిటర్ లైటు వెలుగుతుంది గద, మరి లేవదేంది?" అన్నాడు. మానిటర్ వైరు వేరు, డబ్బా వైరు వేరు అని చెబితే, ఆ వేరు కాపురాలు ఎవరు పెట్టించారన్నట్టు నావైపు చూశాడు. ఆయన బామ్మర్ది అయితే డబ్బాని ముట్టుకోకుండానే "మదర్‌బోర్డు పోయింది బావా" అని తేల్చేశాడు. ఆయన బీటెక్. మెకానికల్ అని తర్వాత తెలిసింది. వాచ్‌మన్ తాత ఒక్కడే తనకి తెలిసింది అడిగాడు: "ఆ కింద కుయ్యికుయ్యిమని మొత్తుకునేది ఉండె గద, అదేమాయె?" అది యూపీఎస్. అందులో 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లకోసారి మార్చాలి. మార్చమని అది మొత్తుకుంటుంటే, ఆ మోత భరించలేక దాని ప్లగ్గే పీకేశారు. ప్రస్తుతం అది కాళ్లు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

పటాన్‌చెరులో కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి ఫోన్ చేశాం. "అదే సాకెట్ల ఫోన్ చార్జర్ వెట్టి చూడుండ్రి సార్" అన్నాడు. ఫోను చార్జింగెక్కింది. "కాలిన వాసన గిట్ల వస్తుందా?" అన్నాడు. అందరం గాలి పీల్చి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఈ బెల్టులో వాన వెలిసిన సాయంత్రం ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం ఎవరి తరం? ఇక్కడి కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కింది. వాసన మాత్రం ఊరు దాటలేదు. అది నక్కవాగుదా, పక్క షెడ్డుదా, మా డబ్బాదా? సేటు డబ్బా దగ్గర ముక్కు పెట్టి, "ఎప్పటి లెక్కనే ఉంది" అన్నాడు.

తమ్ముడు షేర్ ఆటోలో దిగాడు. మదర్‌బోర్డు మాటే ఎత్తలేదు. కరెంటు గోడ దగ్గర బయల్దేరి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూసుకుంటూ వెళ్లాడు, అంతే. ముందు స్పైక్ బాక్సుని పక్కకి నెట్టి డబ్బా వైరు నేరుగా గోడకి పెట్టాడు. లేవలేదు. వైరు పీకేసి, పవర్ బటన్ అర నిమిషం అదిమిపట్టాడు. లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలట. దెబ్బకి బిగుసుకుపోయిన ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే గోడ కరెంటుని డబ్బాకి సరిపడా మార్చిచ్చే పెట్టె, కొన్నిసార్లు దాంతోనే తేరుకుంటుందట. ఇదలా లొంగే రకం కాదు.

డబ్బా పక్క మూత విప్పాడు. లోపల ప్లాస్టిక్ పొడి, బల్లి గుడ్డు ఒకటి. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి బోర్డుకి వెళ్లే లావుపాటి తీగల మోపుని ఊడదీసి, నా టేబుల్ మీది యూ పిన్ను అడిగి తీసుకున్నాడు. దాన్ని సాగదీసి, ఒక కొస ఆకుపచ్చ తీగ రంధ్రంలో, ఇంకో కొస దాని పక్క నల్ల తీగ రంధ్రంలో దూర్చాడు. మనం బటన్ నొక్కితే బోర్డు చేసే పని కూడా ఇదేనట, ఆ రెండింటినీ కలపడం. అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. ఎస్‌ఎమ్‌పీఎస్ బాగుంటే దాని ఫ్యాను తిరగాలి. అందరం ఆ చిన్న ఫ్యాను మీదికి వంగాం. కదల్లేదు.

"ఇదే వొయ్యింది. బోర్డు ఉన్నట్టే ఉంది" అన్నాడు. బామ్మర్ది వెంటనే స్క్రూడ్రైవర్ అందుకుని ఎస్‌ఎమ్‌పీఎస్ విప్పబోయాడు. తమ్ముడు తలెత్తకుండానే, "ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్ల మూడొందల వోల్టులు దాస్కొని కూసుంటదన్నా" అన్నాడు. స్క్రూడ్రైవర్ ఎంత వేగంగా అందుకున్నాడో అంతకన్నా వేగంగా టేబుల్ మీదికి చేరింది.

సంచిలోంచి ఇంకో ఎస్‌ఎమ్‌పీఎస్ తీసి బిగిస్తే డబ్బా గర్రుమని లేచింది. సేటు మొహంలో వెలుగొచ్చింది. తెర మీద మాత్రం తేదీ తప్పిందనీ ఎఫ్ వన్ నొక్కమనీ వచ్చింది. నొక్కితే మూలన 2009 జనవరి 1.

బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది. సీఆర్ 2032, మూడు వోల్టులు. కరెంటు లేనప్పుడు కంప్యూటర్‌కి తేదీ గుర్తుచేసేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం దాని పని పడదు కాబట్టి అది ఎప్పుడో చచ్చిపోయినా ఎవరికీ తెలియదు. డబ్బాకి కరెంటు పూర్తిగా తెగాకే బయటపడుతుంది.

2009 జనవరి 1 అంటే మాటలా! ఆ డబ్బా లెక్కలో మేమింకా ఆంధ్రప్రదేశ్‌లో, మెదక్ జిల్లాలో ఉన్నాం. తెలంగాణ వచ్చిన 2014 జూన్ 2 రాలేదు, సంగారెడ్డి జిల్లా అయిన 2016 దసరా రాలేదు. హైదరాబాద్ ఐఐటీ ఇంకా ఎద్దుమైలారం ఆయుధ ఫ్యాక్టరీ ఆవరణలోనే క్లాసులు చెప్పుకుంటోంది. అన్నిటికన్నా ముఖ్యంగా, 2017 జూలైలో మొదలైన జీఎస్టీ పుట్టనే లేదు. ఈ మాట నేను పైకి అనకుండా ఉండాల్సింది కాబోలు, సేటు కుర్చీ దగ్గరికి లాక్కుని, "అయితే గిట్లనే బిల్లు కొట్టరాదు?" అన్నాడు.

ఈ-వే బిల్లు పోర్టల్ ఒప్పుకోలేదు. మీ గడియారం వెనకబడి ఉందని బ్రౌజర్ గడపలోనే ఆపేసింది. తమ్ముడు తేదీ సరిచేశాడు. బిల్లు తెరిచాను. ప్రింట్ కొట్టబోయేంతలో కరెంటు రెప్పకొట్టింది. ఆ ఒక్క రెప్పపాటులో మళ్లీ సమైక్య రాష్ట్రంలోకి వెళ్లిపోయాం.

"సెల్లు ఎయ్యకుంటే ఇంతే సార్" అన్నాడు తమ్ముడు. సంచిలో సెల్లు లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో ఆ వానకి దుకాణాలు మూసేశారు. గేటు దగ్గర్నుంచి సోలాపూర్ డ్రైవర్ "ఔర్ కిత్నా టైమ్, సేట్?" అని కేకేశాడు. తమ్ముడి చూపు టేబుల్ మీదున్న సేటు కారు తాళం మీద పడింది. "సేటూ, రిమోట్ల గూడ గదే సెల్లుంటది."

సేటు తాళాన్ని జేబులో వేసుకున్నాడు. లారీని చూశాడు. మళ్లీ జేబులోంచి తీశాడు.

బిల్లు వచ్చింది, ఈ-వే బిల్లు వచ్చింది, లారీ ముత్తంగి వైపు కాకుండా సరిగ్గా సదాశివపేట వైపే తిరిగింది. సేటు సెల్లు తీసేసిన తాళంతో కారు తలుపు తెరిచాడు. దొంగ పడ్డాడనుకుని కారు కేకలు పెట్టింది. ఆ చుట్టుపక్కల షెడ్ల వాచ్‌మన్లందరూ కట్టెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మా తాత వాళ్లకి అడ్డంపడి, "ఆగుండ్రి, మా సేటే! కరెంటొచ్చింది, అంతే!" అని అరుస్తున్నాడు.