అడ్మిన్ పెదనాన్నగారి సముఖానికి

మహారాజశ్రీ మా ఇంటి వాట్సాప్ గ్రూపు అడ్మిన్ పెదనాన్నగారికి, మీ తమ్ముడి కొడుకు నమస్కరించి చేసుకునే బహిరంగ విన్నపం.

2024 జూన్ 4న ఓట్ల లెక్కింపు పూర్తికాకముందే మీ మేనల్లుడు, అంటే మా గుంటూరు బావ, గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యాడు. మర్నాడు మీరు ‘ఇకపై రాజకీయాలు నిషిద్ధం’ అన్నారు. ఇప్పుడు మిగిలినవి గుడ్ మార్నింగ్ గులాబీలు, పుట్టినరోజు కేకులు. మనవాళ్లు రాజకీయాలు మానలేదు. పసుపు గుండెలవాళ్లొక గ్రూపు, నీలం గుండెలవాళ్లొక గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ ఎదురు చెప్పేవాడే లేడు.

నిషేధం ఎత్తెయ్యండి. రాజకీయాలు రానిచ్చి, ఫార్వర్డులు ఆపండి.

ఆ రోజు బావ పెట్టిన వీడియో మీద, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే జంట బాణాల గుర్తుంది. ఎక్కడిదిరా అంటే, ‘నాకొచ్చింది, పంపా’ అన్నాడు. బాబాయి దానికి జవాబుగా ఇంకో జంట బాణాల వీడియో పడేశాడు. సొంతంగా ఒక్క ముక్క రాయకుండా, ఎవడో చేసిన సరుకు కోసం మేనమామా మేనల్లుడూ మాటలు మానేశారు. వీళ్లిద్దరే ఆ ఏడు సంక్రాంతికి మీ అరుగు మీద రాజధాని గురించి గొంతు పోయేదాకా వాదించుకుని, పక్కపక్కనే కూర్చుని అరిసెలు తిన్నారు.

పుకార్లు నమ్మి జనం మనుషుల్ని కొట్టి చంపుతున్నారని, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యనివ్వకుండా కట్టడి చేసింది. 2020లో జంట బాణాలు పడ్డవాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. వ్యాపారం చేసుకునేవాళ్లే అంత చేశారు, హెడ్మాస్టరుగా రిటైరైన మీకేం అడ్డం? పోలీసుల భయమని పెద్దమ్మ చెప్పింది. సభ్యుల పోస్టులకు అడ్మిన్‌ని బాధ్యుణ్ణి చెయ్యలేమని 2022లో కేరళ హైకోర్టు అంది (మన హైకోర్టు కాదనుకోండి). ఎవరి పోస్టునైనా తీసేసే మీట అదే ఏడాది అడ్మిన్ల చేతికొచ్చింది. మీ ఫోన్లోనూ ఉంది.

జంట బాణాలు కనిపిస్తే తీసెయ్యండి. అదే సంగతి తన మాటల్లో రాస్తే ఉంచండి. తిట్టుకుంటారంటారా? తన పేరు మీద తిట్టేవాడు కాస్త చూసుకునే తిడతాడు. రూలు మీకూ వర్తిస్తుంది. పసుపు కషాయంతో క్యాన్సర్ పోతుందని మొన్న మీరు పంపినదానికీ జంట బాణాలున్నాయి.

బావని మళ్లీ చేర్చండి. లింకు పంపితే రాడు, రోషం మనిషి. మీరే ఫోన్ చెయ్యండి.

ఇట్లు
మీ తమ్ముడి కొడుకు